పీటర్ సిన్‌ఫీల్డ్: రాక్ కవి పాప్ పాట రాసినప్పుడు

పరిచయం

ఈ పాఠంలో మీరు చదవబోయేది గాయకుడి గురించి కాదు, వాద్యకారుడి గురించీ కాదు. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లండు రాక్ బృందం తన తొలి ఆల్బం విడుదల చేసింది. బృందంలో నలుగురు వాయించేవారు. ఐదోవాడైన పీటర్ సిన్‌ఫీల్డ్ చేసిన పనికి ఆల్బం మీద రెండే పేర్లు రాసి ఉన్నాయి: మాటలు, వెలుగు. పాటలు రాసిందీ వేదిక మీద దీపాలు నడిపిందీ ఆయనే. రికార్డు మీద దీపాలు వినిపించవు కదా! కాబట్టి మనకు మిగిలింది మాటలే.

ఆ మాటలు రాసిన మనిషే 1982 జనవరిలో ఇంగ్లండులో పిల్లలూ పెద్దలూ కూనిరాగం తీసిన ఒక పాప్ పాటకూ, 1995లో సెలీన్ డియోన్ గొంతులో ఏడు వారాలపాటు బ్రిటన్ చార్టులో మొదటి స్థానం వదలని ఒక ప్రేమపాటకూ మాటలు రాశాడు. రాక్ అభిమానుల లోకంలో దీనికి ఒక తీర్పు చాలాకాలంగా సిద్ధంగా ఉంది. గొప్ప కవిత్వం రాసినవాడు చివరికి అమ్ముడుపోయాడని ఆ తీర్పు. మనవాళ్లకు కూడా ఇలాంటి తీర్పులు కొత్త కాదు. కవి సినిమాకు రాస్తే 'దిగాడు' అనడం మనకు అలవాటే.

ఈ తీర్పును పరీక్షించడమే ఈ పాఠం పని. పరీక్షించాలంటే రెండు రకాల పాటలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. నేను చెప్పేది నమ్మనవసరం లేదు. ఇక్కడ ప్రస్తావించిన పాటలన్నీ ఇవాళ మీ ఫోన్లో దొరుకుతాయి. చదువుతూ వినండి.

క్రిమ్సన్ రాజు కొలువు

ముందు ప్రొగ్రెసివ్ రాక్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. 1960ల చివర ఇంగ్లండులో కొందరు రాక్ సంగీతకారులు మూడు నిమిషాల నాట్యపాట పరిధి దాటాలనుకున్నారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచి నిర్మాణాన్నీ, జాజ్ నుంచి స్వేచ్ఛనూ తెచ్చుకున్నారు. పాట తొమ్మిది నిమిషాలైంది, తర్వాత రికార్డులో ఒక పక్క అంతా ఒకే పాటైంది. అంత పెద్ద ఇంటికి చిన్న తలుపు చాలదు గదా. 'నిన్ను ప్రేమిస్తున్నాను' అనే మాట ఇరవై నిమిషాల సంగీతాన్ని మోయలేదు. దాంతో పురాణం, కల, చరిత్ర, భవిష్యత్తు పాటల్లోకి వచ్చాయి. పాట రాయడానికే ఒక మనిషి అవసరమయ్యాడు. వాద్యం ముట్టని కవి బృందంలో సభ్యుడు కావడం అలా సాధ్యపడింది.

సిన్‌ఫీల్డ్ 1943 డిసెంబరు 27న లండన్‌లోని ఫుల్హమ్‌లో పుట్టాడు. చిన్నతనంలో ఆయన్ని పెంచిన స్త్రీ వాలెండా అనే సర్కస్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబం పని ఎత్తుగా కట్టిన తీగ మీద నడవడం. పదహారేళ్లకే బడి మానేశాడు. కొన్నేళ్లు కంప్యూటర్ల సంస్థలో పనిచేశాడు, స్పెయిన్, మొరాకోలు తిరిగాడు, సంతల్లో గాలిపటాలూ దీపాల గుడ్డగొడుగులూ అమ్మాడు. జీవితవిశేషాలు ఇంతవరకు చాలు. సర్కస్‌నూ కంప్యూటర్‌నూ మాత్రం గుర్తుపెట్టుకోండి, రెండూ పాటల్లోకి తిరిగివస్తాయి. ఆయన స్నేహితుడు ఇయాన్ మెక్‌డోనల్డ్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్‌తో చేరినప్పుడు సిన్‌ఫీల్డ్ కూడా వెంట వెళ్లాడు. బృందానికి కింగ్ క్రిమ్సన్ అని పేరు పెట్టిందీ ఆయనే.

తొలి ఆల్బంలో ఐదు పాటలున్నాయి. మొదటిది 'ట్వంటీఫస్ట్ సెంచురీ స్కిజాయిడ్ మ్యాన్'. ఏడు నిమిషాలు దాటి సాగే ఈ పాటలో మాటలున్నవి మూడు చిన్న చరణాల్లోనే, మిగతాదంతా వాద్యాల హోరు. గాయకుడు గ్రెగ్ లేక్ గొంతును కావాలని పగలగొట్టి రికార్డు చేశారు. చరణాల నిర్మాణం గమనించండి. క్రియాపదాలు బహు తక్కువ, వాక్యం కట్టడానికి అవకాశమే ఇవ్వడు. శస్త్రవైద్యం, ముళ్లతీగ, చితి, వియత్నాం మీద కురిసిన నాపామ్ నిప్పు, ఆకలి అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రతి చరణం చివర పాట పేరు మేకు దిగేసినట్టు దిగుతుంది. యుద్ధాన్ని గురించి వాదన చేయడు, యుద్ధం చూసిన కంటికి లోకం ఎలా ముక్కలుగా కనబడుతుందో అలా మాటలు పేరుస్తాడు. విమర్శకుడిగా ఇక్కడ నేను మెచ్చేది పదచిత్రాల భీకరత్వాన్ని కాదు, పొదుపును. ప్రొగ్రెసివ్ రాక్ అంటేనే మాటల దుబారా అనుకునేవాళ్లు ఈ పాటలో మాటలు లెక్కపెట్టి చూడాలి.

రెండో పాట 'ఐ టాక్ టు ద విండ్'. ముందు పాట హోరు ఆగగానే వేణువు వస్తుంది. ఇద్దరు మనుషుల మధ్య చిన్న సంభాషణతో మొదలై, తన మాట గాలి తప్ప ఎవరూ వినరని చెప్పుకునే పాట ఇది. వాడిన మాటలు పదేళ్ల పిల్లవాడికీ తెలిసినవే. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. సరళంగా రాయడం సిన్‌ఫీల్డ్ 1981లో డబ్బు కోసం నేర్చుకున్న విద్య అయితే, 1969లో ఈ పాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఆల్బం పేరు మోసే చివరి పాటలో మధ్యయుగపు రాజకొలువు ఉంది. రాణి, విదూషకుడు, మంత్రగత్తె, వాయిద్యగాడు, తోలుబొమ్మలు ఒక్కొక్కరే వస్తారు. రాజు మాత్రం ఎదుటికి రాడు. కొలువంతా ఉంది, కొలువుదీరినవాడు లేడు, అయినా భయం ఉంది. ఆ కొలువులో ఒక తోటమాలి కూడా ఉన్నాడు, అతడి తోటపనిలో క్రూరత్వం దాగి ఉంది. ఆ తోటను కూడా గుర్తుపెట్టుకోండి.

కొబ్బరికాయ, పీచు

మన ఆలంకారికులు కావ్యపాకాలు చెప్పారు. ద్రాక్షాపాకం నోట్లో వేసుకోగానే కరుగుతుంది. కదళీపాకానికి తొక్క తీయాలి. నారికేళపాకానికి పీచు వలిచి, చిప్ప పగలగొట్టాలి. మీరు తొలి సంవత్సరంలోనే చదివి ఉంటారు. ఒక సంగతి మాత్రం మనం తరచు మరిచిపోతాం. కొబ్బరి ద్రాక్ష కన్నా గొప్పదని పాకభేదం చెప్పదు, తినే పద్ధతి వేరని మాత్రమే చెబుతుంది. సిన్‌ఫీల్డ్ మీద తీర్పు చెప్పేవారు ఈ రెంటినీ కలగలిపారు. కష్టంగా ఉన్నది కవిత్వం, సులువుగా ఉన్నది వ్యాపారం అని వారి కొలత.

ఆ కొలత ఎంత తప్పో 1970 డిసెంబరులో వచ్చిన 'లిజర్డ్' ఆల్బం చూపిస్తుంది. తొలి ఆల్బం తర్వాత మెక్‌డోనల్డ్ వెళ్లిపోయాడు, తర్వాత లేక్ కూడా. మిగిలింది ఫ్రిప్, సిన్‌ఫీల్డ్. మాటలకు అడ్డు చెప్పేవారు తగ్గారు. 'లిజర్డ్'లో రికార్డు ఒక పక్కంతా ఆక్రమించిన ఇరవై మూడు నిమిషాల కథనం ఉంది. రాజకుమారుడు, యుద్ధం, నెమళ్లు, గాజు, కన్నీళ్లు. ఒక్కో పదం అందంగా ఉంటుంది, పది కలిస్తే ఏం జరుగుతోందో తెలియదు. తొలి ఆల్బంలో ఒక బొమ్మ మరో బొమ్మను నెట్టుకుంటూ ముందుకు పోయేది, ఇక్కడ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. పీచు ఎక్కువ, కొబ్బరి తక్కువ అంటాను నేను. అదే ఆల్బంలోని 'సర్కస్' పాట మాత్రం మినహాయింపు. చిన్నప్పుడు విన్న సర్కస్ కథల గుడారం ఇందులో లోకమంతటికీ గుడారమవుతుంది. అక్కడ బొమ్మలకు నిలబడడానికి నేల ఉంది.

1971 చివర 'ఐలాండ్స్' వచ్చింది. ప్రశాంతమైన మంచి పాటలు కొన్ని ఇందులో ఉన్నాయి. ఆ వెంటనే ఫ్రిప్ కోరిక మీద సిన్‌ఫీల్డ్ బృందం వదిలిపోవలసివచ్చింది. సంగీతం ఎటు పోవాలన్న విషయంలో ఇద్దరికీ పొసగలేదు. 1972లో రాక్సీ మ్యూజిక్ బృందం తొలి ఆల్బంకు నిర్మాతగా పనిచేశాడు. 1973లో 'స్టిల్' పేరుతో తానే పాడి ఒక ఆల్బం చేశాడు. దాని మీద ఎక్కువసేపు ఆగను.

మాట ముందా, బాణీ ముందా

ఆగవలసింది ఇటలీ దగ్గర. ఇటలీలో పి.ఎఫ్.ఎం. అనే రాక్ బృందం ఉండేది. వారి పాటలు ఇంగ్లీషువారికి చేరాలి. సిన్‌ఫీల్డ్ వాటికి ఇంగ్లీషు మాటలు రాశాడు. 1973లో 'ఫోటోస్ ఆఫ్ గోస్ట్స్', 1974లో 'ద వరల్డ్ బికేమ్ ద వరల్డ్' ఆల్బంలు అలా వచ్చాయి. ఇవి అనువాదాలు కావు, ఇటాలియన్ పాట అర్థాన్ని పక్కన పెట్టి, ఆ బాణీకి కొత్తగా కట్టిన పాటలు.

ఇందులో విశేషమేమిటంటారా? క్రిమ్సన్ కొలువు పాటలో మాట ముందు పుట్టింది, మెక్‌డోనల్డ్ తర్వాత బాణీ కట్టాడు. కవి తనకు తోచినంత పొడవు రాస్తే, సంగీతం దాన్ని భుజాన వేసుకుంది. పి.ఎఫ్.ఎం. పాటల్లో సంగీతం అప్పటికే సిద్ధంగా ఉంది. ఎక్కడ ఊపిరి తీయాలి, ఎక్కడ స్వరం సాగుతుంది, ఎక్కడ విరుగుతుంది అన్నీ తేలిపోయాయి. ఇక మాటే వంగాలి. ఇటాలియన్‌లో చాలా పదాలు అచ్చుతో ముగుస్తాయి, ఇంగ్లీషులో హల్లుతో. సాగే స్వరం మీద హల్లు పడితే గాయకుడి నోరు మూసుకుపోతుంది. తెలుగు మాట కూడా అచ్చుతో ముగిసేదే కాబట్టి ఈ ఇబ్బంది మనవారికి అంతగా తెలియదు, కానీ డబ్బింగ్ పాటలు రాసేవారిని అడగండి, తక్కినదంతా చెబుతారు. 1950లో వచ్చిన తొలి తెలుగు డబ్బింగ్ చిత్రం 'ఆహుతి'కి పాటలు రాసింది శ్రీశ్రీ. 'మహాప్రస్థానం' కవి పరాయి బాణీ ముందు కూర్చుని లెక్క చూసుకున్నాడంటే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

సిన్‌ఫీల్డ్ పాప్ రచయిత కావడం 1981లో హఠాత్తుగా జరిగిందని చెప్పేవారు ఈ రెండేళ్లను దాటేస్తారు. నా దృష్టిలో ఆయన రెండో వృత్తికి శిక్షణ జరిగింది ఇక్కడే, ప్రొగ్రెసివ్ రాక్ గుడారంలోనే.

అదే కాలంలో ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందానికి కూడా రాశాడు. 1973లో వచ్చిన వారి సుదీర్ఘ గీతానికి 'కార్న్ ఈవిల్ 9' అనే పేరు ఆయన ఇచ్చిందే. కార్నివాల్ అనే మాటను విరిచి, అందులో కీడు అనే అర్థాన్ని వినిపించాడు. దాని చివరి భాగంలో మనిషికీ కంప్యూటరుకీ మధ్య పోరు. సర్కస్, కంప్యూటర్ రెండూ ఒకే పాటలోకి వచ్చి కూర్చున్నాయి.

1975లో గ్రెగ్ లేక్‌తో కలిసి 'ఐ బిలీవ్ ఇన్ ఫాదర్ క్రిస్మస్' రాశాడు. ఆ డిసెంబరులో బ్రిటన్ చార్టులో అది రెండో స్థానానికి చేరింది. మొదటి స్థానంలో క్వీన్ బృందం 'బొహీమియన్ రాప్సడీ' ఉంది, లేకపోతే ఇదే ముందుండేది. పండుగ పాటే, కానీ చిన్నప్పుడు పెద్దలు చెప్పినదంతా నమ్మిన పిల్లవాడికి ఒకనాడు ఆ నమ్మకం కూలడం పాటకు కేంద్రం. పండుగ వ్యాపారమైపోవడం మీద నిరసన అని లేక్ చెప్పాడు. పసితనం పోవడం గురించి అని సిన్‌ఫీల్డ్ చెప్పాడు. మతం మీద దాడి అని కొందరు శ్రోతలు కోపగించుకున్నారు. ఒకే పాట, ఇద్దరు రచయితలు, రెండు ఉద్దేశాలు, శ్రోతది మూడోది. ఈ చిక్కు మళ్లీ వస్తుంది.

ఇక 1978. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ ఒప్పందం తీర్చుకోవడానికి చేసిన 'లవ్ బీచ్' ఆల్బంకు ఎక్కువ పాటలు సిన్‌ఫీల్డే రాశాడు. మొదటి పక్క పొట్టి ప్రేమపాటలు, రెండో పక్క ఒక సైనికాధికారి జ్ఞాపకాలుగా సాగే పొడవైన గీతం. ఆ పొట్టి పాటల్లో ప్రేమా లేదు, పాటా లేదు. ఎవరికి చెబుతున్నాడో తెలియని తీపి మాటలు. ఆయన మొత్తం రచనలో అతి బలహీనమైన మాటలు ఇక్కడున్నాయని నా అభిప్రాయం. ఇది బక్స్ ఫిజ్‌కు రాసిన పాప్ కాదు, ప్రొగ్రెసివ్ రాక్‌లో పేరుమోసిన బృందం ఆల్బం. పతనం అని ఒకటుంటే అది కొలువు లోపలే జరిగింది, బజారులో కాదు.

తోటలో పొంచి ఉన్నది

1970ల చివరికి పంక్ సంగీతం వచ్చి పొడవు పాటలను వెక్కిరించింది. సిన్‌ఫీల్డ్ కొంతకాలం స్పెయిన్‌కు చెందిన ఇబీసా దీవిలో గడిపి 1980లో లండన్ తిరిగి వచ్చాడు. అక్కడ ఆండీ హిల్ అనే యువ సంగీతకర్త, నిర్మాత పరిచయమయ్యాడు. హిల్ చేతిలో బక్స్ ఫిజ్ బృందం ఉంది. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. 1981 యూరోవిజన్ పాటల పోటీలో గెలిచారు. వేదిక మీద అమ్మాయిల పొడవు పావడాలు లాగేస్తే లోపల పొట్టి పావడాలు కనబడే ఆ చిన్న తమాషా పాటకన్నా ఎక్కువ గుర్తుండిపోయింది. క్రిమ్సన్ అభిమానికి ఇంతకన్నా అవమానం ఉంటుందా!

హిల్ బాణీకి సిన్‌ఫీల్డ్ రాసిన 'ద ల్యాండ్ ఆఫ్ మేక్ బిలీవ్' 1981 నవంబరులో విడుదలై, 1982 జనవరిలో రెండు వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో ఉంది. నాలుగు నిమిషాలు కూడా లేని పాట. తాళం ఉత్సాహంగా గంతులేస్తుంది, పల్లవి ఒక్కసారి వింటే నోటికొస్తుంది, చివర ఒక చిన్నపిల్ల గొంతు బాలగేయం చెప్పినట్టు మాట్లాడుతుంది.

ఇప్పుడు బాణీని పక్కన పెట్టి మాటలు మాత్రం వినండి. చిన్నారి పడకగది, రాత్రి. కిటికీ దగ్గర నీడలు, ఎవరివో తెలియని గుసగుసలు. కథల్లోని వీరులు, దొంగలు ఉన్నారు, కాని వారు రక్షిస్తారన్న హామీ లేదు. తోటలో కీడు పొంచి ఉంది, అది కాజేయాలనుకుంటున్నది వస్తువును కాదు, మనసును. పల్లవి ఆ చిన్నారిని పరుగెత్తమంటుంది. ఆటకు పిలిచినట్టూ ఉంటుంది, పారిపొమ్మన్నట్టూ ఉంటుంది.

ఇది కొత్త లోకమా? క్రిమ్సన్ రాజు కొలువులోని తోటే ఇది. అక్కడ కూడా అద్భుతకథ సామగ్రి ఉంది, కనబడని అధిపతి ఉన్నాడు, భయం ఉంది. మారింది రెండు విషయాలు. ఒకటి, వినేవాడికి మాటలో స్థానం దొరికింది. కొలువు పాటలో మనం ఊరేగింపు చూసేవాళ్లం, ఈ పాటలో 'నువ్వు' అని పిలిస్తే తలతిప్పేవాళ్లం. రెండు, భయం వాద్యంలోంచి తొలగింది. తొలి ఆల్బంలో మెలోట్రాన్ అనే వాయిద్యం మబ్బు కమ్మినట్టు మోగి భయాన్ని ముందే ప్రకటించేది. ఇక్కడ సంగీతం నవ్వుతోంది, మాట ఒక్కటే హెచ్చరిస్తోంది. సంగీతం సాయం లేకుండా, సరిగా చెప్పాలంటే సంగీతానికి ఎదురీదుతూ, మాట తన పని తాను చేయాలి. ఇది మరింత కష్టమైన పని. క్రిమ్సన్‌కో ఎమర్సన్ బృందానికో రాయడం కన్నా, కాస్తయినా నిజాయితీ ఉన్న మూడు నిమిషాల హిట్ పాట రాయడం ఎన్నో రెట్లు కష్టమని సిన్‌ఫీల్డ్ కూడా తర్వాత చెప్పుకున్నాడు. రచయిత తన పని గొప్పదని చెప్పుకుంటే అనుమానంగా వినాలి, నిజమే. అయితే ఈ పాట విషయంలో ఆ మాటకు సాక్ష్యం పాటలోనే ఉంది.

చేసి చూడండి: ఈ పాటనూ క్రిమ్సన్ ఆల్బం చివరి పాటనూ ఒకేరోజు వినండి. రెంటిలోనూ కనబడే మనుషుల, వస్తువుల పేర్లు ఒక కాగితం మీద రెండు వరుసల్లో రాయండి. ఏ వరుస ఏ పాటదో చెప్పకుండా స్నేహితుడికి చూపించి, పాప్ పాట ఏదో పోల్చమనండి.

ఇక చిక్కు. ఈ పాట అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ విధానాల మీద దాడి అని సిన్‌ఫీల్డ్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఆ కాలం కూడా ఆయన మాటకు అడ్డురాదు. 1981లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో, లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్‌లో అల్లర్లు జరిగాయి. పాట మొదటి స్థానంలో ఉన్న 1982 జనవరిలోనే బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. అయితే పాటలో ప్రధాని లేదు, పార్లమెంటు లేదు, ఉద్యోగం పోయిన తండ్రి లేడు. ఇప్పుడు మీరు విమర్శకుడిగా ఏం చేయాలి?

ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు. ఈ రెండూ సోమరి పనులే. రచయిత ఉద్దేశంతో కృతిని తూచకూడదని అమెరికన్ విమర్శకులు విమ్సాట్, బియర్డ్స్‌లీ 1946లోనే గట్టిగా వాదించారు. నాకు ఇక్కడ ఆనందవర్ధనుడే ఎక్కువ పనికొస్తాడు. వాచ్యం బాలకథ. వ్యంగ్యం ఉంది, అది కూడా బలంగానే ఉంది: తియ్యని మాటలతో పిలిచే లోకాన్ని నమ్మవద్దు, అందులో నీ మనసు పోగొట్టుకుంటావు. ఈ అర్థానికి పాటలో ప్రతి చరణమూ ఆధారం ఇస్తుంది. థాచర్ అన్న పేరుకు మాత్రం ఒక్క చరణమూ ఇవ్వదు. ధ్వని సహృదయుడి చెవికి అందాలి, పత్రికలో రచయిత వేరుగా చెబితే తప్ప తెలియనిది ధ్వని కాదు, సమాచారం. కాబట్టి, ఆమె పాలన ఈ పాటకు పుట్టుక కావచ్చు, అర్థం కాదు. ఇలా విడదీయడం వల్ల పాటకు లాభమే. థాచర్ 1990లో దిగిపోయింది, తోటలో పొంచి ఉన్నది మాత్రం పోలేదు.

సంతకం లేని పాట

తర్వాతి పదేళ్ల పాటల్ని వేగంగా దాటుదాం. లియో సేయర్‌కు ఒక మంచి ప్రేమపాట. ఫైవ్ స్టార్ బృందానికి రాసిన 'రెయిన్ ఆర్ షైన్' 1986లో రెండో స్థానానికి చేరింది. బక్స్ ఫిజ్‌కు రాసిన 'హార్ట్ ఆఫ్ స్టోన్'ను షేర్ మళ్లీ పాడి, తన 1989 ఆల్బంకు ఆ పేరే పెట్టుకుంది. నేర్పు ఉంది, ఆశ్చర్యం తక్కువ.

'థింక్ ట్వైస్' వేరు. హిల్, సిన్‌ఫీల్డ్ కలిసి రాసిన ఈ పాట సెలీన్ డియోన్ 1993 ఆల్బంలోది. 1995 మొదట్లో బ్రిటన్‌లో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది, పది లక్షలకు పైగా అమ్ముడైంది, ఐవర్ నొవెల్లో పురస్కారం తెచ్చింది. విడిచి వెళ్లబోతున్న మనిషిని ఆగమని ఒక స్త్రీ అడుగుతుంది. అంతే సందర్భం. మాటల్లో చాలావరకు ఒకటి రెండు అక్షరాలవే. తొలి చరణం పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు తగ్గు స్వరంలో ఉంటుంది. పల్లవి వచ్చేసరికి వేడుకోలు నిలదీతగా మారుతుంది. గొంతు పైకెక్కే చోట నోరు తెరుచుకునే అచ్చులు పెట్టాడు. పాడేవారెవరికైనా చెప్పి చూడండి, ఆ చోట్లు వెంటనే పట్టుకుంటారు. ఇటలీ పాటల దగ్గర నేర్చిన పాఠం ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ పూర్తిగా పండింది.

మన సినిమా కవితో పోలిక ఇక్కడ కొంతవరకే నడుస్తుంది. 'మల్లీశ్వరి'కి పాటలు రాసిన కృష్ణశాస్త్రికి కథ, పాత్ర, సన్నివేశం దర్శకుడు ఇచ్చాడు. ఆ అమ్మాయి ఎవరో, ఎందుకు ఏడుస్తోందో పాటకు ముందే ప్రేక్షకుడికి తెలుసు. పాప్ పాటకు ముందూ వెనకా ఏమీ లేదు. పాత్రనూ, తగాదానూ, గడప దగ్గర ఆగిన అడుగునూ పాటే కల్పించాలి, అదీ మొదటి నాలుగు పాదాల్లో. 'థింక్ ట్వైస్' ఆ పని తడబడకుండా చేస్తుంది.

అయితే నేను ఈ పాటను 'ద ల్యాండ్ ఆఫ్ మేక్ బిలీవ్' పక్కన కూర్చోబెట్టను. కారణం అది అమ్ముడుపోవడం కాదు. అందులో ఒక్క బొమ్మ లేదు. రాణి లేదు, తోట లేదు, సర్కస్ లేదు, కనబడని అధిపతి లేడు. చేతి నేర్పు ఉంది, కన్ను లేదు. ఆల్బం మీద పేరు చూడకుండా ఈ పాట వింటే రాసింది సిన్‌ఫీల్డ్ అని ఎవరూ పోల్చలేరు. కొందరు దీన్నే గెలుపు అంటారు. పాట గాయనిది కావాలి, తర్వాత వినేవారిది కావాలి, రచయిత తప్పుకోవాలి అని. మన జానపద గేయాలకు కర్తలెవరో ఎవరికి తెలుసు, అవి తక్కువయ్యాయా అని అడుగుతారు. బలమైన వాదమే. కానీ జానపద గేయంలో కర్త పేరు పోతుంది గాని బొమ్మ పోదు. రోకలి ఉంటుంది, ఏరు ఉంటుంది, మేనమామ గుర్రం ఉంటుంది. బొమ్మను వదిలేసిన పాటను మోసేది గాయని గొంతే, గొంతు మారితే పాట పలచబడుతుంది. ఈ పాటను వేరొకరు పాడగా విని చూడండి, నాతో విభేదించడానికైనా.

సిన్‌ఫీల్డ్ 2024 నవంబరు 14న కన్నుమూశాడు. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 2010లో, అమెరికన్ హిప్‌హాప్ గాయకుడు కాన్యే వెస్ట్ తన 'పవర్' పాటలో క్రిమ్సన్ తొలి ఆల్బం ముక్క ఒకటి అతికించాడు. వాద్యాల హోరులో, పగిలిన గొంతుతో పాట పేరు పలికిన చోటు అది. నలభై ఏళ్ల కిందటి నారికేళం నుంచి తీసిన ఆ కొన్ని మాటలు, క్రిమ్సన్ పేరు కూడా వినని కుర్రాళ్ల నోట పల్లవిలా నలిగాయి.